చిన్నపిల్లలతో విశాఖ నుంచి క్రూయిజ్ ఎక్కుతున్నారా? మొదటి రోజు ఇలా చేయండి

పిల్లల స్కూలు గేటు దగ్గర, అపార్ట్‌మెంటు లిఫ్టులో, చుట్టాల పెళ్లిళ్లలో నన్ను అందరూ ఒకటే అడుగుతున్నారు. "చంటిపిల్లలతో ఓడలో ఎలా వెళ్లారండీ? మొదటి రోజు ఏం చేశారు?" ఒక్కొక్కరికీ చెప్పినప్పుడల్లా ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే అంతా ఒక్కచోట రాస్తున్నాను.

మేం రెండుసార్లు వెళ్లాం. మొదటిసారి పాపకి నాలుగేళ్లు, బాబుకి ఏడాదిన్నర. ఆ మొదటి రోజు సాయంత్రానికి పిల్లలిద్దరూ ఏడుస్తున్నారు, మేమిద్దరం మాట్లాడుకోవడం మానేశాం. రెండోసారి అదే మొదటి రోజు హాయిగా గడిచింది. మార్చింది ఒక్కటే. పొద్దున్నుంచి రాత్రి దాకా పిల్లలతో మూడే పనులు పెట్టుకున్నాం: వేళకి తిండి, లైఫ్ జాకెట్ డ్రిల్ (ప్రమాదం వస్తే ఏం చేయాలో ఓడలో చేయించే అభ్యాసం), వేళకి నిద్ర. ఓడంతా తిరిగి చూడటం రెండో రోజుకి వదిలేశాం. డబ్బు పెట్టి ఎక్కాం కదా, మొదటి రోజే అన్నీ చూసేయాలనే ఆత్రం పెద్దవాళ్లది. పిల్లలకి ఆ రోజు కొత్త గది, కొత్త మంచం, కాళ్ల కింద కదిలే నేల చాలు.

ఏమేం కావాలి

ముందు కాగితాలు. అందరివీ ఒరిజినల్ గుర్తింపు కార్డులు పెట్టుకోండి, జిరాక్సులు చాలవు. పిల్లల ఆధార్‌తో పాటు జనన ధ్రువీకరణ పత్రం కూడా ఉంటే మంచిది. చెన్నై, పుదుచ్చేరి వైపు వెళ్లే దేశీయ ప్రయాణానికి ఇవి సరిపోతాయి. దారిలో శ్రీలంక లాంటి విదేశీ రేవు ఉంటే మాత్రం చంకలో పిల్లకి కూడా పాస్‌పోర్టు ఉండాల్సిందే. పిల్లలు తల్లితోనో తండ్రితోనో ఒక్కరితోనే వెళ్తున్నా, అమ్మమ్మా తాతయ్యలతో వెళ్తున్నా, రానివాళ్ల సంతకంతో అనుమతి పత్రం రాయించుకోండి. చాలా కంపెనీలు ఆరు నెలలు నిండని పసిపిల్లల్ని, ఆరో నెల దాటిన గర్భిణుల్ని ఎక్కనివ్వవు. టికెట్ కొనే ముందే అడగండి.

ఇక చేతి బ్యాగు. ఈ రాసినదాంట్లో ఒక్కటే గుర్తుంచుకోగలం అంటే ఇది గుర్తుంచుకోండి. పెద్ద సూట్‌కేసులు టెర్మినల్లోనే తీసేసుకుంటారు. అవి మీ గది దగ్గరికి చేరేసరికి గంటలు పడుతుంది, ఒక్కోసారి రాత్రి భోజనాల వేళ అవుతుంది. మొదటిసారి నేను జ్వరం మందు సూట్‌కేసులో సర్దాను. సాయంత్రం నాలుగుకి బాబుకి ఒళ్లు కాలిపోతోంది, సూట్‌కేసు ఎనిమిది దాటాక వచ్చింది. ఆ నాలుగు గంటలూ తడిగుడ్డతో వాడి నుదురు తుడుస్తూ కూర్చున్నాను. ఓడలో డాక్టరు ఉంటారని, పిలవొచ్చని ఆ కంగారులో తట్టనే లేదు.

చేతి బ్యాగులో ఉండాల్సినవి:

- పారాసిటమాల్ సిరప్ (కొలత మూతతో సహా), ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పిల్లలు రోజూ వాడే మందులు, థర్మామీటరు
- రాత్రి దాకా సరిపోయే డైపర్లు, ఇంకో మూడు ఎక్కువ
- ఒక్కొక్కరికీ రెండు జతల బట్టలు, ఒక స్వెటర్. లోపల ఏసీ గట్టిగా ఉంటుంది
- పిల్లల సిప్పరు, సీల్ తీయని పాలపొడి లేదా సెరెలాక్
- కొన్ని ప్లాస్టిక్ కవర్లు (వాంతికి, తడిసిన బట్టలకి)
- అది లేకపోతే పిల్లలు పడుకోరు అనే దుప్పటి ముక్కో బొమ్మో
- పెన్ను, చిన్న చీటీల పుస్తకం. ఎందుకో కింద చెప్తాను

సర్దకూడనివి కూడా ఉన్నాయి. ఎలక్ట్రిక్ కెటిల్, చిన్న రైస్ కుక్కరు, ఇస్త్రీ పెట్టె, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, అగరొత్తులు, అన్నీ గేటు దగ్గరే ఆపేస్తారు. ఓడలో అన్నిటికంటే భయపడేది మంటకే. ఇంట్లో వండిన తిండిని కూడా సాధారణంగా ఒప్పుకోరు. "ఏటే, పిల్లలకి పులిహోరైనా కట్టకుండా పంపుతావా?" అని మా అత్తయ్య చాలా నొచ్చుకున్నారు. ఆ పులిహోర టెర్మినల్ బయట కారులోనే తినిపించేశాం, అదీ మంచిదే అయింది. పసిపిల్లల సీల్డ్ ఆహారానికి మాత్రం అభ్యంతరం ఉండదు.

1. ముందు రోజు రాత్రికే పనులు ముగించండి

వెబ్ చెక్-ఇన్ ముందు రోజుకే అయిపోవాలి. బోర్డింగ్ పాస్, లగేజీ ట్యాగులు ప్రింటు తీసుకోండి. ఫోన్లో ఉంది కదా అనుకోకండి. క్యూలో ఒక చేత్తో పిల్లని ఎత్తుకుని, రెండో చేత్తో ఫోన్లో పీడీఎఫ్ వెతకడం ఎంత కష్టమో పడినవాళ్లకే తెలుస్తుంది.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చేవాళ్లు రాత్రి రైలెక్కి, పొద్దున్నే దిగి, అటు నుంచి అటే ఓడెక్కాలని చూడకండి. రైలు ఆలస్యమైతే ఓడ ఆగదు. అన్నీ వేళకి జరిగినా నిద్ర చాలని పిల్లలతో ఆ రోజంతా నరకమే. ఒక రోజు ముందే విశాఖ వచ్చేయండి. సాయంత్రం పిల్లల్ని ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లి, దూరంగా లంగరేసుకున్న ఓడల్ని చూపించండి. "రేపు మనం అలాంటిదాంట్లోనే వెళ్తాం" అని చెప్తే సగం భయం అక్కడే పోతుంది. ఊళ్లో ఉన్నవాళ్లకీ ఇదే మాట. మా పాప పుట్టినప్పటి నుంచీ ఆ ఓడల్ని లెక్కపెడుతూనే ఉంది, అయినా దగ్గరికి వెళ్లేసరికి దాని ఎత్తు చూసి నా వెనక దాక్కుంది.

2. బయల్దేరే ముందు కడుపు నిండా తినిపించండి

ఎక్కేటప్పుడు రెండు మూడు గంటలు క్యూల్లోనే పోతుంది. ఇడ్లీ, ఉప్మా, పెరుగన్నం లాంటివి పెట్టండి. పూరీలు, నూనె బజ్జీలు ఆ రోజుకి వద్దు. "ఓడలో బఫే ఉంటుంది కదా, అక్కడ తింటారులే" అనుకోవడం పెద్ద పొరపాటు. బఫే దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటొచ్చు. ఆకలి దాటిపోయిన పిల్ల ఆ తర్వాత ఏదీ తినదు.

3. టెర్మినల్ దగ్గర

విశాఖ ఇంటర్నేషనల్ క్రూయిజ్ టెర్మినల్ పోర్టులోని ఔటర్ హార్బర్‌లో ఉంది. 2023 సెప్టెంబర్‌లో ప్రారంభించారు. పోర్టు ప్రాంతం కాబట్టి కాపలా కేంద్ర భద్రతా దళం సీఐఎస్ఎఫ్‌ది. కారు ఏ గేటు దాకా రానిస్తారో, దిగాక ఎంత దూరం నడవాలో ముందు రోజే టికెట్ మీద ఉన్న నంబరుకి ఫోన్ చేసి అడగండి. నడవాల్సి వస్తే ఎండలో స్ట్రాలర్ (పిల్లల తోపుడు బండి) చాలా పనికొస్తుంది. మడిచేసే రకమైతేనే తీసుకెళ్లండి, క్యాబిన్‌లో దాన్ని తెరిచి ఉంచేంత చోటుండదు.

క్యూలోకి వెళ్లే ముందే ఇద్దరూ పని పంచుకోండి. ఒకరు కాగితాలు, ఒకరు పిల్లలు. మధ్యలో మార్చుకోవద్దు. లగేజీ ఇచ్చే ముందు ప్రతి పెట్టె మీదా ట్యాగు ఉందా, దాని మీద మీ క్యాబిన్ నంబరే ఉందా అని చూడండి. పాత విమాన ప్రయాణాల స్టిక్కర్లు ఉంటే పీకేయండి.

అక్కడ ప్రతి ఒక్కరికీ ఫోటో తీసి ఒక కార్డు ఇస్తారు. గది తాళం అదే, ఓడలో డబ్బూ అదే. పిల్లల కార్డుతో బిల్లు పడకుండా ఆపమని అక్కడే అడగొచ్చు.

ఒక హెచ్చరిక. మన ఊరు తూర్పు నౌకాదళానికి ప్రధాన కేంద్రం. పోర్టులో, నేవీ ఓడలున్న వైపు ఫోటోలు, వీడియోలు తీయకండి. పిల్లల చేతిలో ఫోన్ ఉంటే వాళ్లకీ చెప్పండి.

4. ఎక్కగానే ముందు అన్నం

గది సిద్ధం కావడానికి టైము పడుతుంది. ఆ లోపు భోజనాలు పెట్టేస్తారు. ఫోటోల కోసం, స్విమ్మింగ్ పూల్ చూడటం కోసం ఆగకండి. నేరుగా వెళ్లి తినిపించండి. పప్పు, అన్నం, పెరుగు దాదాపు ఎప్పుడూ ఉంటాయి. కారం లేనిది కావాలంటే అక్కడి సిబ్బందిని మొహమాటపడకుండా అడగండి. పిల్లకి వేరుశనగో, గుడ్డో, పాలో పడకపోతే ఈ మొదటి భోజనంలోనే చెప్పేయండి.

బఫేలో ఇద్దరూ ఒకేసారి లేవకండి. ఒకరు పిల్లలతో కూర్చోవాలి. వేడి టీ, సాంబారు పట్టుకుని తిరిగేవాళ్ల మోచేతుల ఎత్తులోనే మన పిల్లల తలలుంటాయి. తినే ముందు చేతులు సబ్బుతో కడిగించండి. గుమ్మంలో పెట్టిన శానిటైజర్ ఒక్కటే చాలదు. ఓడల్లో వాంతులు, విరేచనాలు పాకించే నోరోవైరస్ మీద శానిటైజర్ సరిగ్గా పనిచేయదు. సబ్బు, నీళ్లే నయం.

5. గదిలో మొదటి పావుగంట

పిల్లల్ని మంచం మీద కూర్చోబెట్టి, ఒకరు వాళ్లని చూస్తుంటే రెండోవాళ్లు ఈ పని చేయండి. మోకాళ్ల మీద కూర్చుని పిల్లల ఎత్తు నుంచి గదిని చూడండి.

మొదట బాల్కనీ తలుపు. గడియ ఎంత ఎత్తులో ఉంది, పిల్ల చేయి అందుతుందా, ఎంత గట్టిగా తిప్పితే వస్తుంది? చేయి అందుతుందంటే సిబ్బందిని పిలిచి పైన ఇంకో గడియ ఉందేమో అడగండి. బాల్కనీలో కుర్చీ, బల్ల ఉంటే వెంటనే లోపలికి తెచ్చేయండి, లేదా తీసుకెళ్లిపొమ్మనండి. కుర్చీ ఎక్కిన మూడేళ్ల పిల్లకి రెయిలింగు నడుము దగ్గరికి వస్తుంది. బాల్కనీ లేని గది తీసుకుంటే చిన్నపిల్లలున్నవాళ్లకి ఇంకా నిశ్చింత అని నా గట్టి అభిప్రాయం. కింది డెక్‌లో (అంతస్తులో), ఓడ మధ్య భాగంలో ఉండే గదికి ఊపు కూడా తక్కువ.

తర్వాత బాత్రూమ్. గుమ్మం నేలకంటే ఎత్తుగా ఉంటుంది. మన పాతకాలపు ఇళ్ల గడపలాగే, కాకపోతే ఇనుముది. రాత్రి నిద్రమత్తులో పిల్లలు తట్టుకుని పడేది అక్కడే. పాప చేత పగలే నాలుగుసార్లు దాటించండి. వేడినీళ్ల కుళాయి ముందు మీ చేతి మీద పట్టి చూడండి.

తలుపులు బరువుగా ఉంటాయి, వాటంతటవే మూసుకుంటాయి. మా బాబు వేళ్లు ఒకసారి అందులో పడబోయి త్రుటిలో తప్పించుకున్నాడు. "తలుపు దగ్గర చేతులు జేబులో" అని ఒక నియమం పెట్టాం, వాడికి జేబుల్లేని నిక్కరు వేసిన రోజు చేతులు నెత్తి మీద పెట్టుకునేవాడు.

పై బెర్తు మీద ఆరేళ్లలోపు పిల్లల్ని పడుకోబెట్టకండి. పసిపిల్లల ఊయల మంచం కావాలంటే బుకింగ్ అప్పుడే చెప్పాలి, లేకపోతే ఇప్పుడైనా అడగండి.

చివరగా చీటీలు. తీరం దాటిన కాసేపటికి ఫోన్ సిగ్నల్ పోతుంది. పిల్ల తప్పిపోతే మీ ఫోన్ నంబరు తెలిసినా ఎవరూ చేయలేరు. చీటీ మీద మీ పేరు, డెక్ నంబరు, క్యాబిన్ నంబరు రాసి పిల్లల లోపలి జేబులో పెట్టండి, బయటికి కనిపించేలా కాదు. మీరిద్దరూ విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ఒక చోటు అనుకోండి. గదిలోంచి వెళ్లేటప్పుడు "పాపతో డెక్ మీద ఉన్నా, ఆరుకి వస్తా" అని అద్దానికి చీటీ అంటించండి. ఫోన్లని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. ఓడ సొంత నెట్‌వర్కుకి తగులుకుంటే రోమింగ్ బిల్లు వాచిపోతుంది.

6. లైఫ్ జాకెట్ డ్రిల్: దీన్ని మాత్రం వదలొద్దు

దీన్ని మస్టర్ డ్రిల్ అంటారు. ప్రతి ప్రయాణికుడూ హాజరు కావాలి, పసిపిల్లలతో సహా. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా అనే క్రూయిజ్ ఓడ సగం మునిగి 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన చాలామందికి అప్పటికింకా డ్రిల్ జరగలేదు. అప్పటి నిబంధన ప్రకారం 24 గంటల్లోపు చేయిస్తే చాలు. ఆ ప్రమాదం తర్వాత మార్చారు. 2015 నుంచి ఓడ బయల్దేరే ముందో, బయల్దేరిన వెంటనేనో చేయించాల్సిందే.

పిల్లలు భయపడేది సైరన్‌కి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. అకస్మాత్తుగా చెవిలో పడితే పెద్దవాళ్లకే గుండె జారుతుంది. అందుకే వారం ముందు నుంచే ఇంట్లో ఆటగా ఆడించండి. మేం అన్నాలయ్యాక నోటితో "పీ" అని ఏడుసార్లు చిన్నగా, ఒకసారి పొడుగ్గా ఊదేవాళ్లం. ఆ పొడుగు కూత అవగానే పిల్లలు పరిగెత్తుకొచ్చి గుమ్మం దగ్గర నిలబడాలి. డ్రిల్ రోజున అసలు సైరన్ మోగితే మా పాప ఏడవలేదు, వేళ్లు మడిచి లెక్కపెట్టింది.

గదిలో సాధారణంగా పెద్దవాళ్ల జాకెట్లే ఉంటాయి. పిల్లల సైజు మీరే అడగాలి. జాకెట్ మీద బరువు రాసుంటుంది: 15 కిలోలలోపు శిశువులకి ఒకటి, 15 నుంచి 43 కిలోల పిల్లలకి ఇంకొకటి. వయసు చూసి తీసుకోకండి, బరువు చూసి తీసుకోండి. ఇంటి దగ్గరే ఒకసారి తూచుకోండి.

బాబుకి మేం తొడిగిన జాకెట్ బాగానే ఉందనుకున్నాను. డ్రిల్ దగ్గర ఒక సిబ్బంది అమ్మాయి వాడి ముందు మోకాళ్ల మీద కూర్చుని, రెండు భుజాల దగ్గరా జాకెట్ పట్టుకుని మెల్లగా పైకి లాగింది. జాకెట్ లేచి వాడి చెవుల దాకా వచ్చేసింది. గడ్డం లోపలికి పోయి కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. "నీళ్లలో ఇలాగే జరుగుతుంది మేడమ్, జాకెట్ తేలుతుంది, బాబు కిందికి జారతాడు" అంది. అప్పుడు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ బిగించింది. నేను అది అదనపు ముక్కనుకుని వెనక్కి మడిచేశాను. మళ్లీ లాగింది. ఈసారి జాకెట్ గడ్డం దగ్గరే ఆగింది. ఆ తర్వాత నాచేత విప్పించి, మళ్లీ తొడిగించింది. మీరూ ఈ లాగి చూసే పరీక్ష చేయండి. గడ్డం దాటి పైకి లేస్తే సైజు పెద్దదైనా అయి ఉండాలి, పట్టీ వదులైనా అయి ఉండాలి.

ఇంకో రెండు మాటలు. మీ మస్టర్ స్టేషన్‌కి (ప్రమాదం వస్తే మీరు చేరాల్సిన చోటు) గది నుంచి మెట్ల మీదుగా ఒకసారి నడిచి వెళ్లి చూడండి. ప్రమాదం అప్పుడు లిఫ్టులు వాడనివ్వరు. పిల్లని ఎత్తుకుని దిగాల్సింది ఎవరో ఇప్పుడే అనుకోండి. కొన్ని ఓడల్లో టీవీలో వీడియో చూసి, తర్వాత స్టేషన్‌కి వెళ్లి కార్డు స్కాన్ చేయించుకోమంటారు. వీడియో చూశాం కదా అని స్టేషన్‌కి వెళ్లడం మానేయకండి.

7. ఓడ కదిలే వేళ

డెక్ మీదికి అరగంట ముందే వెళ్తే రెయిలింగు దగ్గర చోటు దొరుకుతుంది. ఓడ కదిలేటప్పుడు మనం కదులుతున్నట్టు ఉండదు, ఊరే వెనక్కి జరుగుతున్నట్టు ఉంటుంది. డాల్ఫిన్ నోస్ కొండ పక్కనే కనిపిస్తుంది, దాని మీద లైట్‌హౌస్. కాస్త దూరం వెళ్లాక బీచ్ రోడ్డు, కైలాసగిరి వరసగా. మనకి సూర్యుడు సముద్రంలోంచి ఉదయించడమే తెలుసు. సాయంత్రం బయల్దేరే ఓడైతే, సముద్రం మీద నుంచి చూస్తుంటే విశాఖ కొండల వెనక్కి దిగుతాడు. పుట్టి పెరిగిన ఊరిని అటు నుంచి చూడటం నాకు అదే మొదటిసారి. గొంతు పట్టేసింది.

పిల్లల్ని ఎత్తి రెయిలింగు మీద కూర్చోబెట్టి ఫోటో తీయకండి. ఎంత గట్టిగా పట్టుకున్నా సరే, వద్దు. కింది అడ్డకమ్మీ మీద నిలబడనివ్వకండి. అద్దం ఉన్న చోట నిలబెట్టండి, వాళ్ల ఎత్తు నుంచే అన్నీ కనిపిస్తాయి. టోపీకి గడ్డం కింద తాడు ఉండాలి. బొమ్మలు గదిలోనే.

8. పూల్, పిల్లల గది

మొదటి రోజుకి రెండూ వద్దనే చెప్తాను. డైపరు మానని పిల్లల్ని చాలా ఓడల్లో పూల్లోకి రానివ్వరు. పిల్లల ఆటగదిలో కూడా సాధారణంగా మూడేళ్లు నిండి, డైపరు లేనివాళ్లనే అమ్మానాన్నలు తోడు లేకుండా ఉంచుకుంటారు. పేర్లు రాయించడం మాత్రం మొదటి రోజే చేయండి, చోట్లు తొందరగా నిండిపోతాయి. పిల్లలు మరీ మారాం చేసి పూల్లో దిగితే లైఫ్‌గార్డు ఉన్నా లేకపోయినా మీరు చెయ్యందేంత దూరంలో నీళ్లలోనే ఉండండి.

9. ఊపు మొదలయ్యాక

రేవు దాటి బయటి సముద్రంలోకి వెళ్లాకే ఊపు తెలుస్తుంది. వర్షాకాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల రోజుల్లో, బంగాళాఖాతం బాగానే ఊపుతుంది. రెండేళ్లలోపు పిల్లలకి ఊపుకి కడుపులో తిప్పడం అరుదు. రెండు నుంచి పన్నెండేళ్ల వాళ్లకే ఎక్కువ. చిన్నపిల్లలు "తిప్పుతోంది" అని చెప్పలేరు. ఆవలింతలు, మొహం తెల్లబోవడం, చెమట, ఉన్నట్టుండి మాట మానేసి మీద వాలిపోవడం, ఇవే గుర్తులు.

అలా కనిపిస్తే ఫోన్, బొమ్మల పుస్తకం పక్కన పెట్టించండి. గాలి తగిలే చోటికి తీసుకెళ్లి, నీళ్లూ ఆకాశం కలిసే గీత చూపించండి. అది కుదరకపోతే ఓడ మధ్యలో, కింది అంతస్తులో కళ్లు మూయించి పడుకోబెట్టండి. పొడి బిస్కెట్లు, మరమరాలు, కొంచెం కొంచెంగా నీళ్లు. పెద్దపిల్లలకి నిమ్మకాయ వాసన చూపిస్తే కొందరికి నెమ్మదిస్తుంది.

ప్రయాణంలో వాంతులు రాకుండా వేసే అవోమిన్ లాంటి మాత్రలు మీ పిల్లల డాక్టరు మోతాదు రాసిస్తేనే ఇవ్వండి. రెండేళ్లలోపు వాళ్లకి అసలే వద్దు, ఊపిరికి ప్రమాదం. డాక్టరు రాసిచ్చినది కూడా వాంతులు మొదలయ్యాక వేస్తే నిలవదు. ఎంత ముందు వేయాలో ఆయన్నే అడగండి. వాంతులు ఆగకపోయినా, ఆరు గంటలుగా ఒంటేలు పోయకపోయినా రిసెప్షన్‌కి ఫోన్ చేసి ఓడ డాక్టరుని పిలిపించండి. మేం చేసిన తప్పు మీరు చేయకండి.

10. రాత్రి

అన్నం ఏడింటికే పెట్టేయండి. పెద్ద రెస్టారెంటులో రెండో వరస భోజనాలకి చిన్నపిల్లలతో వెళ్లొద్దు. షోలు, పాటలు రేపు కూడా ఉంటాయి. ఇంట్లో ఎలా పడుకోబెడతారో అలాగే: స్నానం, అదే దుప్పటి, అదే కథ. గదిలో కిటికీ లేకపోతే లైటు ఆర్పగానే చిమ్మచీకటి అవుతుంది. బాత్రూమ్ లైటు వేసి తలుపు కొంచెం తెరిచి, అది మూసుకోకుండా తువ్వాలు అడ్డం పెట్టండి.

పెద్దవాళ్లిద్దరిలో ఒకరు తప్పకుండా గదిలో ఉండండి. "పడుకున్నారు కదా, పదినిమిషాల్లో వచ్చేద్దాం" అని ఇద్దరూ బయటికి వెళ్లొద్దు.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

మందులు పెద్ద పెట్టెలో సర్దేయడం గురించి చెప్పాను. దాని తర్వాత ఎక్కువగా చూసింది మధ్యాహ్నం నిద్ర ఎగ్గొట్టించడం. డ్రిల్ ఎన్నింటికో ముందే కనుక్కుని, దానికి గంటన్నర ముందు గదిలో కర్టెన్లు వేసి పడుకోబెట్టండి. నిద్ర పట్టకపోయినా పడుకుని ఉంటే చాలు. డ్రిల్ మధ్యాహ్నం నిద్ర వేళకే పడితే డ్రిల్ కంటే ముందే పడుకోబెట్టండి, నిద్ర మానేయించకండి.

ఐస్‌క్రీము, కూల్‌డ్రింకులు ఎప్పుడంటే అప్పుడు దొరుకుతాయి. మొదటి రోజు అడిగినవన్నీ ఇప్పిస్తే రాత్రి ఊపుకి అవన్నీ బయటికొస్తాయి. ఆ రోజుకి ఒక ఐస్‌క్రీము అని పొద్దున్నే ఒప్పందం చేసుకోండి.

తాతయ్య, నానమ్మలు తోడుంటే పిల్లల్ని వాళ్ల మీద వదిలేయడం ఇంకొకటి. ఓడ వాళ్లకీ కొత్తే. మోకాళ్ల నొప్పులతో మెట్లూ ఊపూ సంబాళించుకుంటున్న పెద్దావిడ పరిగెత్తే మూడేళ్లవాణ్ని పట్టుకోలేరు. పిల్లలు పడుకున్నాక గదిలో కూర్చునే కాపలా వాళ్లకి అప్పగించండి, డెక్ మీద కాపలా మీరు చేయండి.

రాత్రి పదింటికి సరిచూసుకోండి

- సాయంత్రం నుంచి పిల్లలు కనీసం రెండుసార్లు ఒంటేలు పోశారా? డైపరు బరువుగా ఉందా?
- సైరన్ ఎలా మోగుతుందో, ఎక్కడికి వెళ్లాలో అడిగితే పెద్దపిల్ల చెప్పగలుగుతోందా?
- పిల్లల లైఫ్ జాకెట్లు అల్మారా అడుగున కాకుండా చేతికందేలా ఉన్నాయా?
- బాల్కనీ గడియ వేసి ఉందా? కుర్చీ లోపలే ఉందా?
- సూట్‌కేసులన్నీ వచ్చాయా? రాకపోతే ఇప్పుడే రిసెప్షన్‌కి చెప్పారా?

అన్నిటికీ అవునంటే లైటు ఆర్పేయండి. ఏదైనా కాదంటే పడుకునే ముందే లేచి సరిచేయండి, అన్నీ కలిపి పది నిమిషాల పని.

పిల్లలు తెల్లవారుజామున లేచేస్తారు, కొత్త చోట అంతే. విసుక్కోకుండా ఒకరు వాళ్లని తీసుకుని ఐదుంబావుకల్లా డెక్ మీదికి వెళ్లండి. అప్పటికి జనం ఉండరు, సూర్యుడు సరిగ్గా నీళ్లలోంచి పైకొస్తాడు. గాలి చల్లగా ఉంటుంది, స్వెటర్లు వేయడం మర్చిపోకండి. గదిలో ఉన్నవాళ్ల కోసం అద్దానికి చీటీ అంటించి వెళ్లండి.